చిన్నమ్మ దవాఖానకు కట్టుకొచ్చిన టిఫిన్

మా చిన్నమ్మ మంగళవారం పొద్దున పోయింది. ఆమె పేరు, ఊరు రాయను. ఆమెకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి నలుగురిలో ఒకసారి బయటపెట్టిన నోరు నాదే.

చెరకు కొట్టే కూలీ. ఏ జబ్బు చేసినా బోధన్‌లో ఒక డాక్టరు దగ్గరికే పోయేది. "గా సార్ బల్ల మీద దగ్గెటోళ్లు, కాలు ఇరిగినోళ్లు అందరం ఒక్కతీరే కూసుంటం కొడుకా. ఎవలకేమైందో ఎవలకెర్క?" అనేది. కానీ ఈ రోగాన్ని అదుపులో పెట్టే మందులు ఆయన దగ్గర లేవు. నిజామాబాద్ పెద్ద దవాఖానలో, దానికోసమే పెట్టిన గదిలో, నెలనెలా ఇచ్చేవారు. కరపత్రాలు చదివి చదివి నేనే ఆమె వెంటపడి అక్కడికి తీసుకుపోయాను.

ఆ గది ముందు కూర్చుంటే చాలు, రోగమేదో చెప్పినట్టే. అందుకని చిన్నమ్మ ప్రతిసారీ టిఫిన్ కట్టుకొచ్చేది, ఎవరైనా చూస్తే రోగికి అన్నం తెచ్చిందనుకోవాలని. మందులు సంచిలో పడ్డాక ఆటోల అడ్డా పక్కన కూర్చుని ఇద్దరం తినేవాళ్లం. గోంగూర నా వైపు తోసి, "తిను, రోగికి మంచిగ పెట్టాలె" అని నవ్వేది.

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండేది. దాచిపెట్టబట్టే లోకం వెలివేస్తుందని నా వాదం. ఒకనాడు వరండాలో మా ఊరామె ఎదురైంది.

"ఎవలకు వదినా బువ్వ?"

"మా ఆడిబిడ్డకు" అంది చిన్నమ్మ.

"అబద్ధమెందుకు చిన్నమ్మా? నీ మందులకే వచ్చినవ్. దొంగతనం చేసినవా ఏంది?" అని గది బోర్డు వైపు చెయ్యి చూపి అరిచాను.

చిన్నమ్మ టిఫిన్ మూత ఇంకాస్త గట్టిగా నొక్కింది, అంతే.

మళ్లీ ఆ గడప తొక్కలేదు. "నా దగ్గర జ్వరానికి మందుంది, దానికి లేదమ్మా. నిజామాబాద్ పో" అని బోధన్ డాక్టరు మొత్తుకున్నాడు. నేను చిన్నమ్మ కాళ్లు పట్టుకున్నాను. "నీ మీద కోపం లేదు కొడుకా. గాడ కూసునే ధైర్యమే లేదు" అంది. బోధన్ బల్ల మీదే దగ్గుతూ ఏడాది గడిపింది.

ప్రత్యేక వైద్యం కావాలన్న నా మాట తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ టిఫిన్ చేతిలో ఉన్నన్నాళ్లే ఆమె ఆ గదిదాకా నడిచింది. ఆ సంగతి కరపత్రాల్లో లేదని తప్పించుకోలేను. పక్కనే కూర్చుని తిన్నవాణ్ణి.

చనిపోయిందని రాయించడానికి శుక్రవారం ఆ గదికి పోయాను. వరండాలో ఒకామె గోడ వైపు తిరిగి కూర్చుంది. ఒళ్లో టిఫిన్. నన్ను చూసి, అడగకముందే, "మా అన్నకు బువ్వ తెచ్చిన" అంది.

"జల్ది పెట్టక్కా, సల్లగైతది" అన్నాను.