చార్టులో ఎనభై రెండు

నేను పుట్టు పిరికిదాన్ని. పొలంలో మోటారు వేసి రమ్మంటే చెల్లెల్ని బతిమాలి పంపేదాన్ని. ఇలాంటిది సూదులూ నెత్తురూ ఎలా చూస్తుందోనని నర్సింగులో చేరినప్పుడు ఇంట్లో పందేలు వేసుకున్నారు. మాది లింగాల వైపు. సీటు గద్వాలలో వచ్చింది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా అక్కడే ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా పనికి కుదిరాను. తొమ్మిదిన్నర నుంచి క్లాసులు. చదువుకునేవాళ్లు బయట పని చేయకూడదని స్కూల్లో నియమం ఉంది కాబట్టి పని సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఆయా పని అంటే పక్కబట్టలు మార్చడం, బెడ్‌పాన్ అందించడం, బాలింతలను బాత్రూముకు నడిపించి తీసుకురావడం. సూది ముట్టకూడదు, మందు ముట్టకూడదు. కానీ పది మంచాలకు ఒక్క సిస్టర్ ఉన్నచోట ఈ గీతలు ఎంతకాలం నిలుస్తాయి? నేను నర్సింగ్ చదువుతున్నానని తెలిసిన మర్నాటి నుంచే పొద్దుటి చార్టులు నా చేతిలో పెట్టారు. జ్వరం, నాడి, బీపీ. ఆ వార్డులో నాడి చూడమని ఎవరూ అనేవారు కాదు, చార్టు నింపమనేవారు. జ్వరం నుదుటి మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. బీపీ ఆపరేషన్ అయినవాళ్లకు నిజంగానే చూసేవాళ్లం. నాడి దగ్గరికి వచ్చేసరికి, పైన రాసి ఉన్న అంకెకు రెండు కలిపో రెండు తీసేసో రాసేవాళ్లం. అంతటా ఒకే అంకె ఉంటే డాక్టరమ్మకు అనుమానం వస్తుందని పాత ఆయమ్మ నేర్పిన కిటుకు అది. మొదటి వారం నేను గడియారం చూసుకుంటూ బుద్ధిగా లెక్కపెట్టాను. నాలుగో మంచం దాటకముందే ఎవరికో వేడినీళ్లు కావాలి, ఎవరికో పక్క తడిసింది. సిస్టర్ విసుక్కుంది. రెండో వారం నుంచి నేనూ నింపడం మొదలుపెట్టాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పేషెంట్లతో వచ్చినవాళ్లకు దవాఖానలో ఏ ఆడపిల్ల కనబడినా సిస్టరే. నన్నూ "సిస్టరమ్మా" అని పిలిచేవారు. నేను ఆయానని ఒక్కరికీ చెప్పలేదు. ఆ పిలుపు వింటే రెండంగుళాలు పొడుగు పెరిగినట్టుండేది.

ఆ రోజు రెండో మంచం మీద మల్దకల్ అవతలి పల్లె నుంచి వచ్చిన బాలింత ఉంది. తెల్లవారుజామున మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల. నేను వెళ్లేసరికి ఆమె చెవులకు గుడ్డ చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి పక్కన కూర్చుని మనవరాలిని ఒళ్లో వేసుకుంది. దవాఖాన ఇచ్చిన ప్యాడ్ల ప్యాకెట్టు బల్ల మీద ఉంది, అందులోంచి ఒక్కటే తీశారు. తక్కినవి భద్రంగా ఉంచి, ఇంటి నుంచి తెచ్చిన మెత్తటి పాత చీర ముక్కలు వాడుతోంది ఆ తల్లి. తడిసినవి ఒక సంచిలో మూట కట్టి మంచం కింద దాచింది. కాన్పు నెత్తురు పరాయి చోట పారేస్తే కుక్కలు ముడతాయని, బిడ్డకు మంచిది కాదని, ఊరికి తీసుకెళ్లి పాతిపెట్టాలని మా వైపూ అంటారు. అందుకని నాకు అందులో వింత కనబడలేదు.

ఆరింటికి నేను చార్టు తీసుకుని మంచం దగ్గర నిలబడగానే ఆ తల్లి గొంతు తగ్గించి అడిగింది.

"మూడు బట్టలు మార్సిన సిస్టరమ్మా. సెడ్డ నెత్తురు మంచిగ పోతున్నది. పోవాలె గద?"

"పోవాలె పెద్దమ్మా. పోతేనే మంచిది" అన్నాను.

అలా అన్నది నర్సింగ్ చదివే పిల్ల కాదు, మా నాయనమ్మ మనవరాలు. నాయనమ్మ మా ఊళ్లో కాన్పులన్నిటికీ వెళ్లేది. చెడు నెత్తురు కడుపులో నిలిస్తే బాలింతకు సన్ని కమ్మి ఒంటి మీద తెలివి ఉండదని ఆమె చెబుతుంటే వింటూ పెరిగాను. బాలింత మంచినీళ్లు అడిగింది. పచ్చి బాలింతకు నీళ్లు ఎక్కువ పోస్తే ఒళ్లు ఉబ్బుతుందని తల్లి రెండు చెంచాలతో సరిపెట్టింది. నేను దానికీ తలూపాను. పైగడిలో ఎనభై నాలుగు ఉంది. ఎనభై రెండు రాసి మూడో మంచం దగ్గరికి పోయాను. ఆ అమ్మాయి చెయ్యి ముట్టనే లేదు.

ఎనిమిదింటికి డ్యూటీ మారి పగటి సిస్టర్ వచ్చి ప్యాడ్ల ప్యాకెట్టు చూసింది, చార్టు చూసింది, ముందుకు సాగిపోయింది. తొమ్మిదింటికి నేను చీర మార్చుకుని స్కూలు యూనిఫాం వేసుకుని బయలుదేరాను.

పదిన్నరకు మేడం కాన్పు తర్వాతి రక్తస్రావం పాఠం మొదలుపెట్టారు. అన్ని పాఠాలలాగే నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. ఒక్కసారిగా ధారగా పోయే నెత్తురు అందరికీ కనబడుతుందని, కొంచెం కొంచెంగా గంటల తరబడి పోయేదే చంపేస్తుందని మేడం చెప్పారు. చెడు రక్తం, మంచి రక్తం అని రెండు ఉండవన్నారు. బీపీ పడిపోయేదాకా ఆగితే చేతికి ఏమీ మిగలదట. అంతకంటే ముందే నాడి పరుగెత్తుతుందట. మనిషి దాహం అడుగుతుంది, మాట తగ్గిపోతుంది, పక్కవాళ్లేమో నిద్రపోతోందని సంబరపడతారు.

నా పెన్ను ఆగిపోయింది. తెల్లవారుజాము కాన్పు, ఆరింటికే మూడు బట్టలు. నాలుగు మడతలు వేసిన చీర ముక్క ఒక్కటి ఎన్ని ప్యాడ్లకు సమానమో లెక్క వేయబోయాను, బుర్ర పనిచేయలేదు. ఆ బట్టల సంగతి ఆ తల్లికి తెలుసు, నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు. చార్టులో చూస్తే ఎనభై రెండు.

అప్పుడే లేచి పరుగెత్తానని చెప్పుకోవాలని ఉంది. కానీ లేవలేదు. పని సంగతి బయటపడుతుంది, సీటు పోతుంది, నాయన ముఖం ఎలా చూడను అని పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. సిస్టర్ ఈపాటికి చూసే ఉంటుందిలే అని ఒకసారి, ఏమీ కాదులే అని ఒకసారి నాకు నేనే చెప్పుకున్నాను. ఫోన్లన్నీ మేడం బల్ల మీది బుట్టలో ఉన్నాయి.

చివరికి కడుపు నొప్పి అని అబద్ధమాడి బయటపడ్డాను. మేడం నా ముఖం చూసి పొమ్మన్నారు. రోడ్డు మీద మొదట కనబడిన ఆటో ఎక్కాను. అది పాత బస్టాండు దగ్గర పత్తి ట్రాక్టరు వెనక ఇరుక్కుంటే దిగి పరుగెత్తాను. దేవుడా, ఆమె కూర్చుని గంజి తాగుతూ ఉండాలి, నన్ను చూసి నవ్వాలి, నేను పిచ్చిదాన్ని కావాలి అని మొక్కుకుంటూనే ఉన్నాను.

వార్డులోకి అడుగుపెట్టగానే ఆ తల్లి వేలు పెదవుల మీద పెట్టి సైగ చేసింది.

"ఇప్పుడే కన్నంటుకున్నది. లేపకు బిడ్డా."

గోడవైపు తిరిగిన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. నాడి దొరకలేదు. మళ్లీ వెతికాను. సన్నగా, దారమంత సన్నగా తగిలింది, ఉరుకుతోంది. లెక్క తప్పిపోయి మళ్లీ మొదటి నుంచి పెట్టాను. నూట ముప్ఫై ఆరు. పెదవులు సున్నం రాసినట్టున్నాయి. కప్పిన దుప్పటి తీస్తే కింద పరుపు దాకా తడిసింది. సిస్టర్ దగ్గరికి పరుగెత్తి ఆమె చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

డాక్టరమ్మ వచ్చేసరికి సిస్టర్ రెండు చేతులకూ సెలైన్లు ఎక్కిస్తోంది. డాక్టరమ్మ ఒక చేత్తో పొట్ట నొక్కుతూ రెండో చేత్తో చార్టు అందుకుంది. ఆరు గంటలకు ఎనభై రెండు ఉంది కదా, అయితే ఇప్పుడే మొదలై ఉంటుందని సిస్టర్‌తో అంది. ప్యాడ్లు ఎన్ని మార్చారని తల్లిని అడిగింది. ఆమె నిజమే చెప్పింది. ప్యాడు ఒక్కటే.

ఇప్పుడే మొదలైందనుకుంటే రక్తం తెప్పించడానికి తొందరపడరు. ఆ సంగతి నాకు తెలుసు. నోరు మూసుకుంటే నేను బతికిపోతానని కూడా తెలుసు. వంగి మంచం కింది సంచి లాగి డాక్టరమ్మ ముందు విప్పాను.

"అది నేను లెక్కపెట్టలే మేడం. ఊకెనే రాసిన. ఆరింటికే మూడు బట్టలు తడిసినయ్. నాకు తెలుసు."

సంచిలో ఇప్పుడు ఏడు ఉన్నాయి. డాక్టరమ్మ నా వైపు చూడలేదు, తిట్టే తీరిక లేదు. రెండు బాటిళ్లు రక్తం తెప్పించమని సిస్టర్‌కు చెప్పి స్ట్రెచర్ తెమ్మంది. తప్పంతా తన మీదికి వస్తోందనుకుంది ఆ తల్లి. బిడ్డను గుండెకు హత్తుకుని చెప్పింది.

"నేనేం దాసిపెట్టలె అమ్మా. పొద్దుగాలనే ఈ సిస్టరమ్మను అడిగిన. మంచిదే అన్నది. అందుకే ఎవలకు చెప్పలె."

ఆమె నన్ను పట్టివ్వడానికి చెప్పిన మాట కాదది. నా మాటే తనకు సాక్ష్యమనుకుని చెప్పింది. స్ట్రెచర్ తోసింది నేనే. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక బయట గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ తల్లి నా పక్కనే కూర్చుని, బతుకుతదా అని అడగకుండా, నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేస్తే బాగుండుననిపించింది.

లోపల మాయ ముక్క మిగిలిపోయిందట. దాన్ని తీసేశాక నెత్తురు ఆగింది. రెండో బాటిల్ రక్తం సగం ఎక్కేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పుడు కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగిందని సిస్టర్ వచ్చి చెప్పింది. నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచింది. పనిలోంచి తీసేస్తుందనుకున్నాను, అదే న్యాయమనుకున్నాను. ఇంకో గంట గడిస్తే కర్నూలు పెద్దాసుపత్రికి పంపినా దారిలోనే ప్రాణం పోయేదని అంది. తర్వాత చార్టు నా ముందుకు తోసి పెన్ను ఇచ్చింది.

"ఆ అంకె కొట్టెయ్. పక్కన 'చూడలేదు' అని రాయి. కింద సంతకం పెట్టు."

ఆయాలకు కేస్‌షీటులో సంతకం ఉండదు. ఎప్పుడో నర్సునయ్యాక పెట్టబోయే సంతకం కోసం నోటు పుస్తకం చివరి పేజీల్లో ఎన్నోసార్లు రాసి చూసుకున్నాను. అది మొదటిసారి ఆ మాట కింద పడింది. అక్షరాలు వంకర పోయాయి. మర్నాడు స్కూల్లో మేడంకు కూడా నేనే చెప్పాను. వారం రోజులు క్లాసు బయట నిలబెట్టారు, సీటు తీసేయలేదు.

ఆ సాయంత్రం సంతకం పెట్టి వార్డులోకి వస్తే ఆ తల్లి పిలిచింది. కూతురికి కొంచెం జావ పట్టించవచ్చా అని అడిగింది. చుట్టూ ఎవరినీ అడగకుండా నా కోసమే ఆగి అడిగింది. మత్తు ఇచ్చిన మనిషికి ఎన్ని గంటల తర్వాత పట్టవచ్చో పుస్తకంలో చదివినట్టే ఉంది, నోటిదాకా వచ్చింది కూడా. కానీ పొద్దున ఆమెకు చెప్పిన మాట గుర్తొచ్చింది.

"తెల్వదు పెద్దమ్మా. సిస్టర్‌ను అడిగొస్త" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"సిస్టరమ్మవు నీకే తెల్వదా బిడ్డా?"

"నేను సిస్టర్‌ను కాదు పెద్దమ్మా. ఆయాను" అని చెప్పి, సిస్టర్ కోసం వార్డు చివరకు నడిచాను.