అన్నల రంగు యూనిఫారం

జూన్ నెల దగ్గర పడుతుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎండకు కాదు. బడి తెరిచేలోపు పిల్లలందరికీ యూనిఫారం తొడిగించాలని మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, పెట్టుకున్న పిచ్చి గుర్తొచ్చి. ఉద్యోగం దిగిపోయి ఇన్నేళ్లయింది, అయినా ఆ ఒక్క ఎండాకాలం తలుచుకుంటే బీపీ మాత్ర వెతుక్కోవాల్సి వస్తుంది.

అప్పుడు నేను చందుర్తి దాటాక కోరుట్ల దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఇల్లు సిరిసిల్లలో. నాయన సాంచాలు నడిపేవాడు, అంటే మరమగ్గాలు. మా గల్లీలో మనుషుల మాటల కంటే వాటి చప్పుడే ఎక్కువ. పొద్దున ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి పోయి, సాయంత్రం ఏదీ దొరక్కపోతే లారీ ఆపి ఎక్కి వచ్చేదాన్ని. అన్నలు బంద్ అంటే బస్సులుండవు. పోలీసులు కూంబింగ్ అంటే బస్సులుండవు. ఇద్దరూ ఊరుకున్న రోజు బస్సే చెడిపోతుంది. నక్సలైట్లు అనే మాట మా దగ్గర పేపర్లోనే కనిపించేది, నోటితో మాత్రం అన్నలు అనే అనేవాళ్లం, అది కూడా గొంతు తగ్గించి.

పెద్దసారుది జగిత్యాల. ఆయన ఇంటి పక్కనే కొత్తగా ఒక ఇంగ్లీషు మీడియం బడి పెట్టారు. రోజూ పొద్దున టై కట్టుకున్న పిల్లలు రిక్షాల్లోంచి వరసగా దిగుతుంటే చూసీ చూసీ ఆయన బుర్రలో పురుగు తొలిచింది. సెలవులకు ముందు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, వచ్చే ఏడు నుంచి మన బడికి కూడా యూనిఫారం అన్నాడు. యూనిఫారం లేనివాళ్లు గేటు లోపల అడుగు పెట్టొద్దన్నాడు. కూలి చేసుకునేవాళ్ల పిల్లలు, బట్ట ఎక్కడి నుంచి తెస్తారని డ్రిల్లు సారు అడిగితే, సిరిసిల్లలో ఒక సాంచాల సేటును పట్టానని, తానులకు తానులు పుణ్యానికి ఇస్తున్నాడని గొప్పగా చెప్పాడు. పుణ్యానికి వస్తే ఫినాయిలైనా తాగే రకం మా పెద్దసారు. సేటు ఎందుకంత ఉదారంగా ఇస్తున్నాడో అడగాలని ఆయనకు తోచలేదు.

తానులు వచ్చాయి. అటెండరు కట్టు విప్పగానే నాకు సంగతి అర్థమైంది. ముదురు ఆకుపచ్చ. మిలిటరీ వాళ్లు తొడిగే రంగు, అడవిలో అన్నలు తొడిగే రంగు. ఆ రోజుల్లో ఆ రంగు బట్టను సిరిసిల్లలో ఏ దుకాణంవాడూ బయట పెట్టేవాడు కాదు. ఎవరు కొన్నారు, ఎవరి కోసం కొన్నారు అని పోలీసులు ప్రాణం తోడేసేవాళ్లు. అమ్మలేక, కాల్చలేక, ఇంట్లో పెట్టుకోలేక సేటు తల పట్టుకుని కూర్చున్నప్పుడు మా పెద్దసారు దేవుడిలా ఎదురుపోయాడన్నమాట. సాంచాల గల్లీలో ఆడుకునే చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఊరుకోలేక చెప్పాను. సార్, ఈ రంగు వద్దు, పిల్లలకూ మంచిది కాదు, మనకూ మంచిది కాదు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏ మాట పడకపోయినా చేసే పని అదే.

"మేడం, ఇది సర్కారు బడి. సర్కారు బడి బట్టను సర్కారే అనుమానిస్తదా?" అన్నాడు.

దీనికి నేనేం చెప్పను? చదువుకున్న మనిషి, అందులోనూ అన్నల గొడవను మొదటి నుంచీ చూసిన జగిత్యాల మనిషి. ఏ కాలంలో బతుకుతున్నామో తెలిసిన మనిషి. అన్నీ తెలిసి కూడా సర్కారుకు బుర్ర ఉంటుందని నమ్మినవాడితో ఎవరైనా ఎట్లా వాదిస్తారు?

తల్లిదండ్రుల మీటింగు పెట్టి తన చేతుల మీదుగా ఒక్కొక్కరికీ బట్ట పంచాడు. మగపిల్లలకు నిక్కర్లకు, ఆడపిల్లలకు లంగాలకు. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు, బాగుందన్నవాళ్లూ లేరు. కాలిన పెనం పట్టుకున్నట్టు పట్టుకుని, నేల చూపులు చూస్తూ వెళ్లిపోయారు. చూసిన్రా మేడం, సంతోషంతో మాట కూడ వస్తలేదు వాళ్లకు, అన్నాడు పెద్దసారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగి అందరూ కుట్టించుకున్నారో లేదో చూసే పని నా నెత్తిన పెట్టాడు. ఆడమనిషిని కాబట్టి ఆడవాళ్లు నా మాట వింటారట. ఆయన మాత్రం జగిత్యాలలో ఫ్యాను కింద ఉన్నాడు.

ఊళ్లో కుట్టుమిషను ఒక్కటే, మేరాయనది, అంటే దర్జీది. అంతకు ముందు ఏడు ఎవరో ఆ రంగు ప్యాంటు ఇచ్చి పొట్టి చేయమంటే చేసిచ్చాడు. ఆ పాపానికి పోలీసులు తీసుకుపోయి, కత్తెర పట్టే చేతి వేళ్లు వాచేలా కొట్టి పంపారు. నేను సంచి విప్పబోతుంటేనే ఆయన లేచి మిషను మీద చాప కప్పేశాడు. నీ కాళ్లు మొక్కుతా, అది ఇక్కడ తియ్యకు పంతులమ్మా, అన్నాడు. ఇట్లా కాదని కోరుట్ల పోయాను. అక్కడ ఒక టైలరు టేపు మెడలో వేసుకుని ఎంతమంది పిల్లలు, ఎప్పటికి కావాలి అని హుషారుగా అడిగాడు. బట్ట చూశాక ఆయనకు దసరా దాకా పెళ్లిళ్ల బట్టలు కుట్టేది ఉందని గుర్తొచ్చింది.

ఇక జనం ఆ బట్టను ఏం చేశారని అడగండి. ఒకరు వడ్ల గుమ్మిలో అడుగున పెట్టారు. ఒకరు బర్రె కింద పరిచి పేడ పట్టించారు. ఒక రైతు అయితే తెలివికి పోయి చేన్లో దిష్టిబొమ్మకు చుట్టాడు. పొద్దుగూకే వేళ అటుగా వచ్చిన పోలీసులు దాన్ని చుట్టుముట్టి చేతులెత్తమన్నారని, దాని చేతులు ముందే ఎత్తి ఉన్నాయి కాబట్టి బతికిపోయిందని ఊళ్లో చెప్పుకున్నారు. నిజమో కాదో నాకు తెలియదు. ఆ ఎండాకాలంలో నేను నవ్వింది మాత్రం అప్పుడొక్కసారే.

చివరగా వాడకట్టు చివరన ఉన్న ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పిల్ల ఏడో తరగతి పాసైంది. ఆ వాడలో ఎనిమిదికి రాబోయే మొదటి ఆడపిల్ల అదే. ఎవరి దగ్గరో పాత ఎనిమిదో తరగతి పుస్తకాలు అడిగి తెచ్చుకుని, సిమెంటు సంచి కాగితంతో అట్టలు కూడా వేసుకుంది. తల్లి కూలికి పోతుంది. తండ్రి లేడు. కొడుకు రెండేళ్ల కింద ఇల్లు వదిలి అన్నల్లో కలిశాడు. అప్పటి నుంచి పోలీసులు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో కుండలు బోర్లిస్తారు. తల్లి వారం వారం ఠాణాకు పోయి, పొద్దంతా అరుగు మీద కూర్చుని, పొమ్మన్నప్పుడు రావాలి.

ఆ తల్లి నన్ను చూడగానే లోపలికి నడిచింది. పొయ్యి వెనక మట్టి తవ్వి, పాలిథిన్ సంచిలో చుట్టి పాతిపెట్టిన బట్టను తీసి నా చేతిలో పెట్టింది.

"పంతులమ్మా, కొడుకు గా బట్టలల్లనే అడవికి పోయిండు. ఇగ బిడ్డకు గూడ గవ్వే తొడుగుమంటున్రు మీ సారు. నేనెట్ల తొడుగుదు?"

బడికి రాకపోతే పిల్లను ఏం చేస్తావక్కా అన్నాను. మల్యాల దగ్గర పెద్దమ్మ ఇంటికి పంపుతుందట, మక్కచేన్లలో కూలికి. అక్కడికి పోలీసులు రారని చెప్పింది. పిల్ల గడపలో నిలబడి అంతా వింటోంది. అట్టలేసిన పుస్తకాలు దాని చంకలోనే ఉన్నాయి.

పెద్దసారుకు కబురు చేశాను, ఈ ఒక్క పిల్లకు మినహాయింపు ఇవ్వమని. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు అని జవాబు వచ్చింది. అందరూ అడుగుతున్నారు మహానుభావా, అదే కదా నేను మొత్తుకునేది!

ఇక నేనే ఒక దారి వెతికాను. సిరిసిల్లలో మా మేనమామకు అద్దకం పని ఉంది. బట్టంతా వెనక్కి తీసుకుని అక్కడ నల్లరంగులో ముంచిస్తే పీడ పోతుంది. నల్ల లంగా, నల్ల నిక్కరు, ఎవరికేం అభ్యంతరం? పెద్దసారు కూడా సరేనన్నాడు, తను మోసేది లేదు కాబట్టి. గుమ్మిల్లోంచి, గొడ్ల కొట్టాల్లోంచి బట్ట పోగుచేసి, ఒక గోనెసంచిలో కుక్కి, మరో వారంలో బడి తెరుస్తారనగా సిరిసిల్ల బస్సెక్కాను.

సగం దారిలో ఠాణా ముందు బస్సు ఆపారు. రోజూ ఆపేదే. రోజూ నా టిఫిను డబ్బా చూసి వదిలేసే కానిస్టేబులు ఆ రోజు గోనెసంచి మూతి విప్పాడు. అంతే, బస్సు నన్ను దింపి వెళ్లిపోయింది.

ఎస్సై నాకంటే చిన్నవాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరిచ్చారు, ఏ దళానికి, ఎక్కడ అందివ్వాలి అని మొదలుపెట్టాడు. ఇవి పన్నెండేళ్ల పిల్లలకు లంగా ముక్కలయ్యా, కొలిచి చూసుకో అన్నాను. దళంలో చిన్నపిల్లలు కూడా ఉన్నారా అని అడిగాడు. నా తల గోడకు కొట్టుకోవాలనిపించింది. బడి పేరు చెప్పాను, పెద్దసారు పేరు చెప్పాను, రప్పించి అడగమన్నాను. బడి తెరిచే పనుల మీద ఆయన ఊళ్లోనే ఉన్నాడు. జీపు పోయి తీసుకొచ్చింది.

ఆయన వచ్చి నిలబడ్డాడు. మెడ చుట్టూ తువ్వాల, నుదుటి మీద చెమట. సంచిలోని బట్టను చూశాడు, ఎస్సైని చూశాడు, నన్ను చూడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బట్టల సంగతంత మేడమే చూస్కుంటది సార్. నాకేం తెల్వది," అన్నాడు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. పొద్దున్నుంచి ఎస్సై అడిగిన ఏ ప్రశ్నకూ నా కళ్లు తడవలేదు. ఈ ఒక్క మాటకు తడిశాయి. ఏడుపు కాదది, ఒట్టి కోపం. ఆ తువ్వాల పట్టుకుని గుంజాలని చేతులు లాగాయి.

బయట అరుగు మీద వారం హాజరుకు వచ్చిన ఆడమనిషి ఒకతె పొద్దున్నుంచి కూర్చుని ఉంది. ఆ పిల్ల తల్లే. ఠాణాలో ఆమె ఎప్పుడూ నోరు విప్పేది కాదని, విప్పితే కొడుకు గురించే అడుగుతారని నాకు తెలుసు. అటువంటి మనిషి లేచి తలుపు దాకా వచ్చింది.

"గది బడి బట్ట, సారూ. గీ పెద్దసారే పంచిండు, నాకు గూడ ఇచ్చిండు. నేనే వద్దని పంతులమ్మకు మర్ల ఇచ్చిన."

ఎస్సై కుర్చీలో నుంచి లేచాడు. అంటే ఈ రంగు బట్ట నీ ఇంట్లో ఉండెనా అని అడిగాడు. ఉండె సారూ, అంది ఆమె. కొడుకు అడవిలో ఉన్న తల్లి, ఆ రంగు బట్ట తన ఇంట్లో ఉండెనని ఠాణాలో నిలబడి తన నోటితో ఒప్పుకుంది, నా కోసం. పెద్దసారుకు ఇక తప్పుకునే దారి లేదు. అవును, పంచిన మాట నిజమేనని నసిగాడు.

నన్ను పొమ్మన్నారు. పెద్దసారును జీపులో దింపి వచ్చారు. ఆమెను మాత్రం కూర్చోమన్నారు. నేను గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి, అరుగు మీద ఆమె పక్కనే కూర్చున్నాను. మీరు పోవచ్చు కదా మేడం అని కానిస్టేబులు మళ్లీ మళ్లీ వచ్చి చెప్పాడు. బస్సు లేదన్నాను. బస్సులు నా కళ్ల ముందే పోతున్నాయి. పొద్దు గూకే ముందు విసుగొచ్చి ఆమెనూ వదిలిపెట్టారు. బస్సు కోసం నడుస్తుంటే ఆమె, పొద్దున్నుంచి ఏం తినలేదు గద పంతులమ్మా అని, కొంగుకు కట్టుకున్న అటుకులు ఇంత నా చేతిలో పోసింది.

బట్ట మాకు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు బస్సులో పోతూ చూస్తే ఠాణా కిటికీలకు ఆ రంగు తెరలు వేలాడుతున్నాయి. సర్కారు బట్టను సర్కారు అనుమానించలేదు, కుట్టించుకుంది. వాళ్లకు ఏ మేరాయన కుట్టాడో మరి.

బడి తెరిచిన రోజు పెద్దసారు ఏమీ జరగనట్టు గేటులో నిలబడ్డాడు. వచ్చిన ప్రతి పిల్లనూ ఆపి, యూనిఫారం ఏది అని గదమాయించడం, తల్లిదండ్రులు తెస్తం సారూ అని నసగడం, వారంలో తేవాలని చెప్పి లోపలికి వదలడం. బట్ట ఎక్కడుందో ఆయనకు తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా అడుగుతూనే ఉన్నాడు. నేను వరండాలో నిలబడి పళ్లు కొరుక్కుంటూ రోడ్డు వైపే చూస్తున్నాను. గంట కొట్టే వేళయింది. ఆ తల్లి పిల్లను మల్యాల పంపేసిందేమో అనుకున్నాను. ఠాణాలో అంత జరిగాక పంపితే మాత్రం తప్పెట్లా అంటాను?

అప్పుడు కనిపించారు, తల్లీ పిల్లా. పిల్ల నూనె రాసి బిగించి రెండు జడలు వేసుకుంది. తల్లి పాత చీర చించి కుట్టిన పువ్వుల లంగా కట్టుకుంది. చంకలో పుస్తకాలు. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరినడుగుతున్నాడో చూసుకోకుండానే, యూనిఫారం ఏది అన్నాడు.

తల్లి కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"బట్ట ఠాణాల ఉన్నది సారూ. మీరు పొయ్యి అడిగి తెచ్చియ్యుండ్రి, గీ రాత్రే కుట్టి తొడుగుత."

పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. తుడవడానికి ఒక చెయ్యి చాలలేదు, అడ్డం పెట్టిన చెయ్యి కూడా తీయాల్సి వచ్చింది. పిల్ల ఆయన పక్కనుంచి లోపలికి వచ్చి, ఎనిమిదో తరగతి ఏ గదిల పంతులమ్మా అని నన్నడిగింది.