బట్టలారేసే తీగ

మా మెట్ట ఊళ్ళలో ఏ తాడు కొన్నా ముందు రెండు చేతులా పట్టి లాగి చూస్తారు. చేదతాడైనా పలుపైనా తెగకపోతే మంచిదే. స్పీకరు తీగ కొనడానికి జగ్గయ్యపేట వెళ్ళినప్పుడు నేనూ అదే చేశాను. బ్లాకు ఆఫీసులో గుమాస్తాను, పైగా ఆంప్లిఫయరు సొంతంగా బిగించానన్న పొగరు ఒకటి.

నందిగామలో మాది పొడుగాటి ఇల్లు. రికార్డులు వేసే పాటల పెట్టె, ఆంప్లిఫయరు ముందుగదిలో ఉండేవి. నాన్న మంచం వెనకగదిలో. ఆయన రిటైరైన పంతులు. చర్చిలో మగవాళ్ళకి, పాటకి అడుగున కలిపి పాడే కింది స్వరం నేర్పింది ముప్పై ఏళ్ళు ఆయనే. తుంటి విరిగి మంచాన పడ్డాక కూడా పాడేవాళ్ళు సాయంత్రాలు ఆయన దగ్గరికే వచ్చేవారు. రికార్డులు విని ఆ స్వరం పట్టుకుని వాళ్ళకి చెప్పాలని ఆయన ఆశ. అందుకే స్పీకరు ఆయన గదిలో పెట్టాలనుకున్నాను.

కొట్టాయన రెండు చుట్టలు చూపించాడు. ఒకటి లావుపాటి రాగి తీగ, రెండోది మిలటరీ వాళ్ళు వదిలేసిన టెలిఫోను తీగ. రాగి తీగ చేతిలో మెత్తగా వంగిపోయింది. రెండోది ఎంత గుంజినా సాగలేదు.

"అందులో ఇనుమే ఎక్కువండీ. బట్టలారేసుకోటానికి తీసుకెళ్తారు. పాటకి రాగి కావాలి," అన్నాడు.

ఖరీదైనది అంటగడుతున్నాడనుకుని నవ్వి, గట్టిదే తెచ్చాను. దొడ్డి గోడ వెంట చుట్టు తిప్పి వెనకగదికి లాగాను.

పాట సన్నగా వస్తోందని, కింది స్వరం అందడం లేదని నాన్న మొదటివారమే అన్నారు. నేను ముందుగదిలో నిలబడే మీటలు తిప్పి, పెట్టెలో లోపమేం లేదన్నాను. మళ్ళీ అడిగితే, వయసు కదా నాన్నా, వినికిడి తగ్గుంటుంది అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆయన నమ్మారు. క్రిస్మస్‌కి నెల ముందు పాస్టరుగారిని పిలిపించి, తప్పు స్వరం నేర్పడం దేవుడి ముందు తప్పని, తనిక చెప్పలేనని అన్నారు. పాడేవాళ్ళు రావడం మానేశారు. సాయంత్రమైతే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

పండక్కి వారం ముందు ఇంటికి సున్నం వేయించాం. వెనకగది ఖాళీ చేసి నాన్న మంచం, స్పీకరు ముందుగదిలోకి తెచ్చాం. గోడ మీది తీగ ఊడదీయడంతో, దీపానికి వాడే రాగి వైరు మూరెడు ముక్క తెంపి స్పీకరుకి తగిలించి, ఆయన రోజూ వినే రికార్డే పెట్టాను. మీట ఎక్కడుందో అక్కడే ఉంది. కింది స్వరం గదినిండా వచ్చింది. నాన్న మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నారు. పాట అయిపోయేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నారు.

దొడ్లో కుప్పగా పడున్న తీగను కిటికీలోంచి చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆర్నెల్లల్లో ఒక్కసారన్నా నా మంచం మీద కూచుని విన్నావంట్రా?"

"లేదు నాన్నా," అన్నా.

పండగ మరుసటి రోజు రాగి తీగ తెచ్చి లాగాను. బిగించాక వెనకగదిలోకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని మొదటిసారి విన్నాను. స్వరం స్పష్టంగా వస్తోంది. కానీ పాడేవాళ్ళకి మళ్ళీ నేర్పడానికి ఆ వారం రోజులు చాలక, ఆ ఏడు చర్చిలో కింది స్వరం లేకుండానే క్రిస్మస్ అయిపోయింది.