పెళ్లిచూపుల్లో అవిసె నూనె

పెళ్లిచూపులకు వెళ్లి, మర్నాడే ఆ అమ్మాయి చేతిలో తన మలం డబ్బా పెట్టి తలవంచుకు నిలబడ్డ పెళ్లికొడుకు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి, అది నేనే. ఇలాంటివి చెప్పుకోకూడదంటారు గానీ, ఆ డబ్బా పుణ్యమా అని మనిషినైనవాణ్ణి. చెప్పకపోతే కృతఘ్నుణ్ణవుతాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి మహబూబాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెలవొస్తే గూడూరు దగ్గరున్న మా ఊరికి వెళ్లి, చెప్పులు గట్టు మీద విడిచి బాపుతో పాటు పొలంలో దిగేవాణ్ణి. ఆ ఏడాది వానలు వెలిశాక నా ఒంట్లో బలం ఎటు పోయిందో తెలియదు. కాలేజీ మెట్లు పది ఎక్కితే ముసలి ఎద్దులా రొప్పేవాణ్ణి. కడుపులో ఎప్పుడూ ఏదో మెలిపెట్టేది. పురుగులు చేరాయని నాకు నేనే తేల్చేశాను. నమ్మండి, అంతవరకు నా శాస్త్రజ్ఞానానికి వంక పెట్టే పనిలేదు.

దవాఖానకు పోయి ఒక గోలీ మింగమని అమ్మ చెప్పింది. పరాన్నజీవుల పాఠం చెప్పే నాకు అమ్మ చెప్పాలా? ఫోనులో ఒక వ్యాసం చదివాను. తిండిలోని కొన్ని కొవ్వు ఆమ్లాలు ఒంటి రక్షణ కణాలకు బలమిచ్చి, పేగుల్లోని పురుగులను వెళ్లగొట్టడానికి సాయపడతాయట. ఇది ఎలుకల్లో కనబడిన సంగతి అని కింద రాసే ఉంది. అంత కిందికి పోయే ఓపిక నాకెక్కడిది? ఆ రోజు నుంచి పరగడుపున అవిసె నూనె, మధ్యాహ్నం అన్నం మీద నెయ్యి చెరువు, సాయంత్రం చేపలు. పురుగులు మాత్రం అల్లుళ్లలా సుఖంగా ఉన్నాయి.

ఆ రోజుల్లోనే జఫర్‌గఢ్‌లో సంబంధం చూశారు. అమ్మాయి పేరు సుజాత, జనగామలో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్లిచూపుల్లో కాస్త కళగా కనబడాలని ఆ పొద్దున నూనె రెండింతలు తాగాను. ఇంత తెలివి ఎవరికొస్తుంది చెప్పండి?

మిర్చిబజ్జీలు తిన్నాక మా ఇద్దరినీ అరుగు మీద మాట్లాడుకోమన్నారు. నేను మాట్లాడాను. ఆమె విన్నది. కొవ్వు ఆమ్లాలు, రక్షణ కణాలు, నా స్వీయ వైద్యం, అన్నీ విడమరిచి చెప్పాను. గోలీలు మింగడం చదువురానివాళ్ల పని అని కూడా అన్నట్టున్నాను. ఆ మాట నోట్లో ఉండగానే కడుపులో ఉరిమింది.

మరుగుదొడ్డి పెరట్లో ఉంది. అక్కడికి చేరాలంటే పెద్దలందరూ కూర్చున్న వాకిలి దాటాలి. మొదటిసారి ఫోను మాట్లాడుతున్నట్టు నటిస్తూ దాటాను. రెండోసారి నటించే తీరిక లేదు. మూడోసారికి సుజాత నాయిన బకెట్ నింపి తలుపు దగ్గర పెట్టి, దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాడు. అంతటి మర్యాద నాకు మళ్లీ ఏ ఇంట్లోనూ జరగలేదు.

తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాను. సుజాత నవ్వలేదు. దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"జర కింది రెప్ప గుంజి చూపెడ్తరా?"

గుంజాను. అక్కడ ఎరుపు అన్నదే లేదట, సున్నం కొట్టినట్టుందట.

"పొలంల ఒట్టి కాళ్లతోని దిగుతరా?"

దిగుతానన్నాను.

"రేపు పొద్దుగాల దవాఖానకు రాండ్రి. డబ్బల పట్టుకరాండ్రి."

అప్పుడే అటు వచ్చిన బాపుకు చివరి మాట ఒక్కటే వినబడింది. సంబంధం కుదిరిందనుకుని మొహం వెలిగిపోయింది. "డబ్బల ఏం పట్టుకరావాలె బిడ్డా, లడ్డూలా?" అన్నాడు. భూమి చీలుతుందేమోనని నేను కాసేపు చూశాను. చీలలేదు.

మర్నాడు సుజాత స్లైడు తయారు చేసి, మైక్రోస్కోపులో నన్నే చూసుకోమంది. పల్చని పెంకు, కోలగా ఉన్న గుడ్లు. ప్రతి ఏడాదీ నేను బోర్డు మీద గీసే బొమ్మ. కొంకి పురుగు, తడి మట్టిలోంచి ఒట్టి పాదాల గుండా ఒంట్లోకి దూరేది. నాలుగైదు నెలలుగా నా రక్తం తాగుతూ, నా నెయ్యి తింటూ కూర్చుంది.

"మీరు సదివింది అబద్ధం కాదు," అంది సుజాత. "మంచి కొవ్వు తింటె ఒంటికి కొట్లాడే బలమొస్తది. గని గది తిండి, మందు కాదు. ఇంత రక్తం పోయినంక నూనె తోని ఏమైతది?"

"తప్పు నాదే," అన్నాను. అంత చిన్న వాక్యం నేను అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

డాక్టరు పురుగుల మందు, రక్తం పెరగడానికి ఐరన్ గోలీలు రాశాడు. ఇంకొంత కాలం ఆలస్యమైతే రక్తం ఎక్కించాల్సి వచ్చేదని గట్టిగానే చెప్పాడు. మూడు నెలల్లో మెట్లు మళ్లీ పరుగున ఎక్కాను. నా పురుగుల సంగతి సుజాత తన ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా పెరటి పరుగులకు ప్రయాణం పడకపోవడమే కారణమని సర్ది చెప్పిందట. తర్వాత పెళ్లికి ఒప్పుకుంది కూడా.

ఎందుకు ఒప్పుకున్నావని పెళ్లయ్యాక అడిగాను. చూసిన రిపోర్టును కాదని కొట్లాడేవాళ్లను రోజూ చూస్తుందట. వెంటనే తప్పు ఒప్పుకున్నవాణ్ణి నన్నొక్కణ్ణే చూసిందట. లోకంలో మగవాళ్లను పైపైన చూసి ఒప్పుకుంటారు. నన్ను మాత్రం నాలుగు వందల రెట్లు పెద్దగా చేసి చూసి, ఆపైన ఒప్పుకుంది. ఆ రుణం ఈ జన్మలో తీరదు.

కనుక ఆమె ఎదుట నిలబడి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఒంట్లో నలతగా ఉంటే ముందు పరీక్ష చేయించుకుంటాను, ఉపన్యాసం తర్వాత ఇస్తాను.