మీటరు తిరగని ఏళ్ళు

పోయిన ఆదివారం మా బావమరిది ఫోన్ చేసి, కుశలప్రశ్నలేవీ లేకుండానే, "బావా, బెల్టు గడువు మళ్ళొచ్చింది. బండి పంపుతవా, నన్నే రమ్మంటవా?" అన్నాడు. అతనికి సూరత్‌లోని ఖటోదరాలో కార్లు బాగుచేసే గ్యారేజీ ఉంది. అడగ్గానే సరేననడం ఆ ఇంటి అల్లుడిగా నాకు అలవాటు లేదు. చూసి చెబుతానన్నాను. ఫోన్ పెట్టేసి, ఇంటి ముందు గుడ్డ కప్పుకుని నిలబడ్డ కారు దగ్గరికి వెళ్ళి, గుడ్డ ఒక మూల ఎత్తి చూశాను. రబ్బరు, పాత రెగ్జిన్, డీజిలు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది మా నాన్న. కరోనా వచ్చి వెళ్ళాక మాత్రం మా మేనత్త కన్ను గుర్తొస్తుంది.

ఆ కారు నాన్న కొన్నది. అప్పట్లో మా మగ్గాల షెడ్డు కూడా ఖటోదరాలోనే నడిచేది. సూరత్‌లో తెలుగువాళ్ళకు సొంత షెడ్డు ఉండడం పెద్ద మాట. గేటు మీద మా ఇంటిపేరు ఇనుప అక్షరాలతో ఉండేది. తర్వాత షెడ్డు పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఎక్కడైనా పోయేట్టే పోయింది. నేను ఊరి బయట కడోదరాలో ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజరుగా చేరి, మిల్లు బస్సులో వెళ్ళివచ్చేవాణ్ణి. బస్సులో కూడా షెడ్డు యజమానిలా నిటారుగా కూర్చుంటానని, వెనక్కి వాలనని తోటివాళ్ళు నవ్వుకునేవారు. కారు మాత్రం మాకు మిగిలింది. బంధువుల పెళ్ళిళ్ళకూ, దసరా పూజ అయ్యాక ఊళ్ళో ఒక చుట్టుకూ తప్ప అది గల్లీ దాటేది కాదు.

కానీ దాన్ని స్టార్టు చేయని ఆదివారం లేదు. అది మేనత్త పెట్టిన ఆచారం. నాన్నకు అక్క, మా ఇంటికి పెద్దదిక్కు. వరండాలో కుర్చీ వేసుకుని టీ కప్పు అందుకోగానే నావైపు తలూపేది. నేను వెళ్ళి తాళం తిప్పాలి. ఆమె టీ తాగడం పూర్తయ్యేదాకా ఇంజను నడుస్తూ ఉండాలి. "గల్లీ వినాలె బిడ్డా. షెడ్డు మూసినం గని, ఇల్లు మూయలే," అనేది. ఆమె టీ తాగే వేగం తెలిసినవాళ్ళకు అందులో ఎంత డీజిలు పోయేదో తెలుస్తుంది. లాక్‌డౌన్ వచ్చి ఊళ్ళో మగ్గాలన్నీ ఆగిపోయినప్పుడు ఆమె ప్రతిరోజునూ ఆదివారం చేసింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న ఆ టకటకలు లేక గల్లీ చెవులు మూసుకుపోయినట్టుండేది. ఆ నిశ్శబ్దంలో మా కారు ఒక్కటే మాట్లాడేది. ఎదురింటి గుజరాతీ కాకా బాల్కనీలోంచి మాస్కు దించి, "శేఠ్, గాడీ క్యాఁ జాయ్ ఛే?" అని రోజూ ఎగతాళిగా అడిగేవాడు. బండి ఎక్కడికని ప్రశ్న. ఎక్కడికీ లేదని నేను రోజూ గంభీరంగా చెప్పేవాణ్ణి.

బావమరిది ప్రతి దసరాకూ వచ్చి బానెట్ ఎత్తి కుంకుమ పెట్టేవాడు. పెడుతూ, "బావా, గీ టైమింగ్ బెల్టు ఎన్నడన్న మార్పిచ్చినవా?" అని అడిగేవాడు. ఇంజను కింది భాగం ఎంత తిరిగితే పైన వాల్వులు అంతకు తగ్గట్టు తెరుచుకుని మూసుకునేలా రెండింటినీ కలిపి నడిపించే పళ్ళ రబ్బరు పట్టీ అది.

"మీటరు చూడు. బండి ఇంకా కొత్తదే," అనేవాణ్ణి.

"మీటర్ గీటర్ ఏంది బావా! పుస్తకంల కిలోమీటర్లు రాసిండ్రు, ఏండ్లు గూడ రాసిండ్రు. ఏది ముందొస్తే అది. రబ్బరు కూసున్నా ముసల్దయితది."

"మా ఇంటి బండి సంగతి నాకు తెలుసు."

అతను కుంకుమ చెయ్యి తుడుచుకుని, "ఇంట్ల పిల్లనిచ్చినం, బండికి సలహా ఇయ్యరాదా?" అని వాళ్ళక్కకు వినపడేలా గొణిగేవాడు. మా ఇళ్ళలో పిల్లనిచ్చినవాళ్ళు పెట్టుపోతలు తేవచ్చు, బుద్ధులు చెప్పకూడదు. అది నేను పెట్టిన పద్ధతి కాదు. పాటించడంలో మాత్రం నేను లోటు చేయలేదు.

మేనత్తకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరి, మనుషులను గొంతు బట్టి గుర్తుపట్టే దాకా వచ్చింది. ఆపరేషన్ చేయించాలనుకునేసరికి కరోనా వచ్చి ఆసుపత్రులు అలాంటివన్నీ ఆపేశాయి. చివరికి ఒక తేదీ దొరికింది. అప్పటికే జబ్బు మళ్ళీ పెరుగుతోంది. ఈ తేదీ తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేమనీ, ఆలోగా కన్ను ఇంకా పాడు కావచ్చుననీ ఆసుపత్రి వాళ్ళు ముందే చెప్పారు. ఆటో మాట్లాడతానంటే మేనత్త ఒప్పుకోలేదు. "ఆటోల పోయి తెచ్చుకునే కన్ను నాకెందుకు? మన బండ్లనే పోదాం," అంది. ఆ మాటలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఆ రోజు ఆసుపత్రికి వెళ్తుంటే రింగ్ రోడ్డు మీద, బట్టల మార్కెట్ల దగ్గర, ఏ హెచ్చరికా లేకుండా బానెట్ కింద టప్పుమని ఒక్క చప్పుడు వినిపించి ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా గిర్రున తిరిగింది. పట్టు లేదు. బావమరిదికి ఫోన్ చేసి, చెవికి పెట్టుకునే మళ్ళీ తిప్పాను.

"అగో, ఆపు బావా! గా చప్పుడు నాకు ఫోన్ల వినపడుతున్నది. బెల్టు తెగింది. ఇంక తిప్పకు, ఉన్నయి గూడ విరుగుతయి. బండి సంగతి నేను చూస్త. నువ్వు అత్తను తోల్కపో!"

కరోనా భయానికి ముసలామెను చూసి ఆటోలు ఆగలేదు. మా వెనక ఇరుక్కున్న ఒక టెంపోవాడు మాత్రం హారన్ కొట్టీ కొట్టీ, "అరే కాకా, రస్తే మే పార్కింగ్ హై క్యా?" అంటూ దిగాడు. మేనత్తా నేనూ తెలుగులో వాదించుకుంటున్నది విని మెత్తబడ్డాడు. "మనోళ్ళేనా? ఏమైంది అమ్మమ్మా?" అన్నాడు. విషయం చెప్పాను. "నేను గటే పోతున్న. ముందు ఒక్క సీటుంది. అమ్మమ్మను కూసోవెట్టు. నువ్వు ఎన్క మాల్ మీద కూసో. ఏసీ లేదు గని హవా మస్తొస్తది," అన్నాడు.

నేను మేనత్త వైపు చూశాను. ఆమె ఒప్పుకోకపోతే ఆ రోజు చేజారినట్టే.

"ఏం బండి బిడ్డా?"

"టెంపో అత్తా. తాకాలున్నయి." మగ్గం మీంచి దిగిన ముడిబట్ట తానుల్ని ఇక్కడ తాకాలంటారు.

ఆమె నా భుజం పట్టుకుని దిగి, టెంపో వెనక్కి నడిపించమంది. ఒక తాకా అంచు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసింది. అంచు వెంట బొటనవేలు జార్చింది. వెనక మూడో బండివాడు కూడా హారన్ మొదలుపెట్టాడు.

"నేత మంచిగున్నది. ఎవల షెడ్డుది?"

"ఉన్ ఊరి దిక్కుది, అమ్మమ్మా. కూసో జర, పోలీసొస్తడు!"

"బట్ట బండే కదా. పరవాలేదు, ఎక్కించు," అంది మేనత్త.

కారును పక్కకు తోసి నేను తాకాల మీద ఎక్కాను. వాటి మీద వాలకుండా కూర్చోవడం కష్టం, అయినా వాలలేదు. దారిలో మా మిల్లు మేనేజరు స్కూటరు మీద ఎదురై, మాస్కులో ఉన్నా నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆసుపత్రి గేటు దగ్గర మేనత్త టెంపోవాడి చేత హారన్ కొట్టించిందని తర్వాత తెలిసింది. పిలుపు వచ్చేసరికి అందుకున్నాం. ఆపరేషన్ జరిగింది.

బావమరిది ఇంజను విప్పి, పళ్ళు రాలి పగుళ్ళు పడ్డ బెల్టునూ, వంగిపోయిన వాల్వులనూ చూపించాడు. బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకు కొట్టుకుంటాయట. "మీటరు పండుకున్నది బావా, ఇంజను పండుకోలే. రోజూ నిలవెట్టి ఉరికిచ్చినవ్," అన్నాడు. బెల్టుతో పాటు దాన్ని బిగించి పట్టే రోలరు, నీళ్ళ పంపు కూడా మార్చాడు. నేను ముందే చెప్పానన్న మాట నాతో అనలేదు. వాళ్ళక్కతో ఫోన్‌లో ఒక పూటంతా అన్నాడు.

కారు ఇంటికొచ్చిన నాటికి మేనత్త కంటికి చూపు వచ్చింది. నల్లద్దాలు తీసి, కారు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. వెలిసిపోయిన పైకప్పు మీద, పెచ్చులూడిన తలుపు మీద చెయ్యి పెట్టింది.

"గిదేనా మన బండి?"

"ఇదే అత్తా."

"గింత ముసల్దయిందా! రోజూ గొంతు విని ఇంకా నీ నాయిన తెచ్చినట్టే ఉన్నదనుకున్న." తలుపు మీంచి చెయ్యి తీసి, "రేపటి సంది దాన్ని లేపకు బిడ్డా. పని ఉన్ననాడే తియ్యి," అంది.

మర్నాడు టీ వేళకు ఎదురింటి కాకా బాల్కనీలోకి వచ్చి, ఏమీ వినపడక, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

పోయిన ఆదివారం ఆ గుడ్డ మూల దించేసి, మీటరు చూడకుండానే బావమరిదికి ఫోన్ చేసి రమ్మన్నాను. మేము గుమ్మం ముందు నిలబెట్టి ఉంచామనుకున్న ఆ ఏళ్ళను మీటరు ఒక్కటే లెక్కపెట్టలేదు. రబ్బరు లెక్కపెట్టింది, కారు రంగు లెక్కపెట్టింది, మేనత్త కన్ను లెక్కపెట్టింది, వాలని నా వెన్ను కూడా లెక్కపెట్టే ఉంటుంది.