మేడ మీద పొద్దుటి దుమ్ము

ఫోన్ తీయడం, సైటేషన్ల పేజీ చూడడం, బ్యాగులో పడేయడం, మళ్ళీ తీయడం. ఆ వేసవంతా నా పని ఇదే. నేను వాతావరణ శాస్త్రవేత్తను, గాలిలో దుమ్మును కొలుస్తాను. మా సంస్థలో ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడింది. నా పరిశోధనా పత్రాలను ఎంతమంది తమ పత్రాల్లో ఉదహరించారన్నదే అక్కడ చూస్తారు. ఎందుకు ఉదహరించారో ఎవరూ అడగరు. నాతోపాటు చేరినవాళ్ళంతా పైకి వెళ్ళిపోయారు, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. కడుపు మండిపోయేది.

ఉన్నట్టుండి ఒకరోజు ఆ అంకె కదిలింది. కొద్ది రోజులకే మళ్ళీ కదిలింది. అబ్బ, ఎంత సంబరమో! సెక్షన్‌లో అందరికీ కాఫీలు ఇప్పించాను. ఆ తర్వాత తీరిగ్గా, నన్ను తలుచుకున్న పుణ్యాత్ములెవరా అని వాళ్ళ పత్రం తెరిచాను. తెరవకపోయినా బాగుండేది.

నాకు కాస్తో కూస్తో పేరు తెచ్చింది ఒకే ఒక్క పత్రం. జగ్గయ్యపేటలో మా అక్కవాళ్ళ మేడ మీద పరికరం పెట్టి కొలిచి రాసింది. రోజూ పొద్దున ఒక వేళకి అక్కడ దుమ్ము ఒక్కసారిగా పెరిగి కాసేపటికే తగ్గిపోతుందనీ, ఆ వేళ గాలి కదలదు కాబట్టి సున్నపురాయి లారీల దుమ్ము నేలకు దగ్గరగా ఆగిపోతుందనీ అందులో రాశాను. ఈ కొత్తవాళ్ళు నందిగామలో పరికరం పెట్టారు. అదే హైవే, అవే లారీలు. కానీ పొద్దుటి పెరుగుదల మాత్రం లేదట. జగ్గయ్యపేటది బహుశా ఆ ఒక్క మేడ దుమ్మేనేమో అని చాలా మర్యాదగా రాశారు. వాళ్ళను చూసి ఇంకొకరు అదే మాట అన్నారు. నా అంకె పెరిగింది అందుకు!

తప్పు వాళ్ళదేనని తేల్చుకుందామని ఇంటర్వ్యూకి ముందే జగ్గయ్యపేట బయల్దేరాను. విజయవాడలో బస్సెక్కాను. నందిగామలో బస్సు ఆగినప్పుడు, ఆ దిక్కుమాలిన పరికరం ఏ మేడ మీద ఉందో అని కనిపించిన ప్రతి మేడనీ కోపంగా చూశాను. జగ్గయ్యపేటకి మలుపు తిరిగే చిల్లకల్లు వచ్చేదాకా వాళ్ళకివ్వాల్సిన ఘాటు జవాబు మనసులో రాసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే మేడెక్కాను. అక్క అప్పటికే అక్కడుంది. కొంగు నడుముకి దోపుకుని మేడంతా ఊడుస్తోంది. పరికరం చుట్టూ అయితే మరీ శ్రద్ధగా. చీపురు కదిలినప్పుడల్లా దుమ్ము లేచి తిన్నగా దాని మూతిలోకి పోతోంది.

"ఏంటక్కా ఇది?"

"రోజూ చేసేదేగా. ఖరీదైన మిషను, జాగ్రత్తగా చూసుకోమన్నావు. నువ్వు పెట్టిన దగ్గర్నుంచీ ఒక్క పూట మానలా. మోకాళ్ళు పట్టేసినా మెట్లెక్కా."

"రోజూ ఇదే టైముకా?"

"పాలు సిమ్‌లో పెట్టొస్తా. పొంగేలోపు దిగిపోతా."

ఆ దుమ్ము అంత త్వరగా ఎందుకు తగ్గిపోతుందో నా పత్రంలో పేజీలకు పేజీలు వివరించాను. ఎండెక్కి గాలి కదలడం వల్లనట! నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీద కూలబడ్డాను.

"బాగా చూసుకున్నానా లేదా?" అంది అక్క.

"చాలా బాగా చూసుకున్నావక్కా" అన్నాను.

ఆ పగలంతా ఒకచోట కూర్చోలేకపోయాను. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మేడ మీదకి. "ఏంటమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అన్నాడు బావ. ఏమని చెప్పను? చీపురు సంగతి ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూ అయ్యేదాకా నోరు మూసుకుంటే చాలు, అంకె ఎలాగూ పెరిగింది.

ఇంటర్వ్యూలో కమిటీ పెద్దాయన మొదటి మాటే, "ఈమధ్య మీ సైటేషన్లు బాగా పుంజుకున్నాయి, అభినందనలు" అన్నారు.

"అవన్నీ నాది తప్పని చెప్పినవేనండి. నిజంగానే తప్పు. నేను కొలిచింది మా అక్క చీపురు దుమ్ము" అన్నాను.

ప్రమోషన్ రాలేదు. ఏడ్చాను, దాచడమెందుకు. తర్వాత నా పత్రానికి సవరణ ప్రచురించాను. అందులో పాత పత్రాన్ని ఉదహరించక తప్పలేదు కాబట్టి అంకె ఇంకొకటి పెరిగింది. ఖర్మ!

అక్కకి ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది. "అయితే నా మూలంగానా?" అంది. కాదక్కా, అడగకపోవడం నా తెలివితక్కువతనం అన్నాను. కొన్నాళ్ళపాటు మేడ ఊడవద్దని, అప్పుడు అసలు గాలి ఎలా ఉందో తెలుస్తుందని బతిమాలాను. సరేనంది. అప్పటినుంచీ రోజూ పొద్దున నా కంప్యూటర్ తెర మీద గీత చదునుగా సాగుతోంది.

నిన్న ఆ వేళకి గీత కాస్త పైకి లేచింది. వెంటనే ఫోన్ చేశాను.

"మెట్ల దగ్గర కొంచెమేనే" అంది అక్క. "నీ మిషన్ దగ్గరికి పోలా."