ఉంటానంది స్టెల్లా

దయ్యాల మాట ఎవరెత్తినా వాళ్ళ నోరు మూయించేదాకా ఊరుకునేదాన్ని కాదు. మా ఇంట్లో జిన్నుల కథలు చెప్పే నానమ్మనే వదల్లేదు. అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టే రాస్తాను.

చేపల మేత తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులు ఫోన్ చేస్తే జవాబు చెప్పే టీమ్ మాది. నేను ఏలూరులో, స్టెల్లా దెందులూరులో, మేనేజర్ పూణేలో, ఎవరిళ్ళలో వాళ్ళం ఉండి పనిచేస్తాం. మేనేజర్‌కు తెలుగు రాదు. అందుకని మా మీటింగులు విని ఇంగ్లీషులో నోట్స్ రాసే ఏఐ ఒకటి పెట్టారు.

దానివల్ల పని తేలికైన మాట నిజం. రైతుల గోడు మేం తెలుగులో గబగబా చెప్పినా ఆయనకు అందేది. మన మర్యాదల దగ్గర మాత్రం పప్పులో కాలేసేది. స్టెల్లా రోజూ మీటింగ్ చివర ‘ఉంటానండీ’ అని సెలవు తీసుకునేది. అది ‘స్టెల్లా విల్ స్టే’ అని రాసేది. అందరూ వెళ్ళాక కూడా ఉండి పనిచేస్తోందని మేనేజర్ మురిసిపోయేవాడు. మేం నవ్వుకునేవాళ్ళమే గానీ విప్పి చెప్పలేదు.

ఒకరోజు పొద్దుటి మీటింగ్ అవగానే వచ్చిన నోట్స్ చివర ‘స్టెల్లా మే నాట్ స్టే’ అని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. నాతో మాటమాత్రమైనా అనకుండా వేరే కంపెనీకి పోతోందన్నమాట! ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేసినా ఎత్తలేదు. మొహం మీదే అడిగి దులిపేద్దామని స్కూటీ తీశాను.

దెందులూరులో వాళ్ళింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల స్టెల్లా లాప్‌టాప్ ముందు నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకలేదు. భర్త తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లుకు వెళ్ళిపోయాడు. నా కేకలకు పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

“షుగర్ మనిషండీ! పొద్దున్న ఏవైనా తిందో లేదో!”

ఇద్దరం ఆటోలో ఏలూరు ఆసుపత్రికి చేర్చాం. షుగర్ మాత్ర వేసుకుని, మీటింగుకు టైమైందని టిఫిన్ మానేసిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు.

తర్వాత ఆ మీటింగ్ రికార్డింగ్ పెట్టుకుని విన్నాను. గొంతులో నీరసమైనా లేదు. స్పష్టంగా ‘ఉంటానండీ’ అనే అంది. ఏఐ సంగతి చూసే వాళ్ళని అడిగితే, అనువాదంలో తప్పు, సరిచేస్తాం అన్నారు. సరిచేశారు కూడా. ఇప్పుడు ‘బై’ అని రాస్తోంది.

తప్పే కావచ్చు. ఆ తప్పు ఆ ఒక్కరోజే ఎందుకు వచ్చిందో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. వచ్చినందుకు మాత్రం రోజూ సంతోషిస్తాను.

స్టెల్లా వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టి నన్నూ పిలిచారు. ఆమె లేచి ప్రభువుకు వందనాలు చెప్పింది. డాక్టరుకు, పక్కింటావిడకు, నాకు చెప్పింది. కూర్చోబోయి ఆగింది.

“ఇంకొకరికి కూడా చెప్పాలండీ. ఎవరో తెలీదు.”

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ ఆమీన్ అన్నాను.